ఏడంటే ఏమిటి

9 జూన్ 1968, ఆదివారం. పెడన.

చెల్లెలు సరోజిని పురిటికి వచ్చింది. ఏడో నెల. మరిదిగారు భుజంగరావుగారు స్వయంగా దిగబెట్టారు. స్టేషను నుంచి జట్కాలో వచ్చారు. జట్కావాడు పెట్టె దించుతూ, లోపల ఇత్తడి సామానా అమ్మగారూ, నడుం విరిగింది అన్నాడు. ఇత్తడి కాదు. చీరలు నాలుగే. మిగతాదంతా కాగితం. వెడల్పాటి కాగితం, మడతలు మడతలుగా, రెండంచులా చిల్లులు.

ఏమిటే ఇదంతా అన్నాను. ఆఫీసు పని అక్కయ్యా, డైరెక్టరుగారు నాకు అప్పగించారు అంది. అప్పగించడమంటే, వదినగారూ, మీ చెల్లెలు ఊరికే కూర్చునే మనిషి కాదు కదా, కాలక్షేపానికి ఇచ్చారు అన్నారు భుజంగరావుగారు. నవ్వుతూనే అన్నారు.

సరోజిని నవ్వలేదు. నేను కాఫీ కలపడానికి లేచాను.

10 జూన్.

కాలక్షేపం అన్న మాట పూజలో కూడా చెవిలోనే ఉంది. పంచాక్షరి రెండుసార్లు మొదటి నుంచి మొదలుపెట్టాను.

11 జూన్.

భుజంగరావుగారు గుడివాడలో తల్లిగారిని చూసి, అటునుంచి బొంబాయి వెళ్తానని బయలుదేరారు. దారిలోకి జంతికలు కట్టి ఇచ్చాను. ఇవ్వకుండా ఉంటే బాగుండేదని ఒక క్షణం అనిపించింది. శివ శివ.

20 జూన్, గురువారం.

కాగితాల సంగతి ఇవాళ విడమరచి చెప్పింది.

బొంబాయిలో వాళ్ళ కంప్యూటర్ మెషిన్ ఒక హాలంత ఉంటుందట. దానికో మెమరీ. అందరి లెక్కలూ అందులోనే సర్దుకోవాలి. ఏ లెక్క వస్తే దానికి జాగా ఇచ్చి, అయిపోగానే వెనక్కి తీసుకునే ప్రోగ్రాం ఒకటి ఎప్పుడూ లోపలే కూర్చుని ఉంటుంది. అది తప్పు చేస్తే మెషిన్ మొత్తం ఆగిపోతుంది. అందులో జాగాల భాగం రాసింది భుజంగరావుగారు. నడుస్తోంది. ఎలా నడుస్తోందో మాత్రం ఆయనకి తప్ప ఇంకొకరికి తెలియదు. ఎక్కడా ఒక పేరు లేదు, అన్నీ నెంబర్లే. వివరం ఒక్క లైను లేదు. ఆయన సెలవు పెడితే ఆఫీసంతా ఆయన రాక కోసం చూస్తుందట. అది ఆయనకి ఇష్టమేనట.

దసరాకల్లా ఇదే ప్రోగ్రాం ఇంకో ఊళ్ళో పెడుతున్న మెషిన్‌కి వెళ్ళాలి. అక్కడివాళ్ళు చదువుకుని దిద్దుకోగలగాలి. అందుకని జాగాల భాగాన్ని అందరికీ అర్థమయ్యేలా తిరగరాయమని డైరెక్టరు సరోజినికి చెప్పారు. అది సరిగ్గా నడిస్తే అదే వెళ్తుంది, సెలవయ్యాక ఆ భాగం తనది. నడవకపోతే మళ్ళీ మెషిన్‌కి ఎక్కించే చిల్లుల కార్డులు సరిచూసే బల్ల దగ్గరికే. ఎమ్మెస్సీ ఫస్టు క్లాసులో పాసైన పిల్ల. బొంబాయి వెళ్ళినప్పటి నుంచీ ఆ బల్ల దగ్గరే కూర్చుంది.

భుజంగరావుగారి రాత కొంచెం చూపించింది. నాకు ఇంగ్లీషు అక్షరాలు వచ్చు, అర్థం రాదు. కానీ ఆ కాగితం చూడగానే మా నాన్న మార్కండేయులు జ్ఞాపకం వచ్చాడు. కలంకారీ అచ్చుల వెనక ఆయన గుర్తులు చెక్కించేవాడు. ఒక గీత, రెండు చుక్కలు, ఒక వంకర. ఏ గీత అచ్చుకి ఏ రంగు అచ్చు జతో పక్క షెడ్డువాళ్ళకి తెలియకూడదని. ఆయన పోయాక మాకూ తెలియలేదు. జత తెలియని అచ్చులు అటక మీద ఇప్పటికీ ఉన్నాయి. మా అచ్చులు చెక్కే కొండయ్య నా ముందు వాటిని ఒంటి అచ్చులంటాడు. నా వెనక ఏమంటాడో తెలుసు. పెళ్ళయిన రెండో ఏడే బొట్టు చెరుపుకుని పుట్టింటికి తిరిగొచ్చినదాన్ని, ఆ మాట నాకు కొత్త కాదు.

కొండయ్య మీద కోపం లేదు. నాన్న మీద ఉంది. ఇన్నాళ్ళకి ఉందని తెలిసింది.

1 జూలై.

సరోజిని నాకు పరీక్ష పెడుతోంది. నాకు కాదట, తన రాతకి. రాసిందాన్ని తెలుగులో చెబుతుంది. నేను బియ్యం ఏరుతూ వింటాను. నా చెయ్యి ఆగిందా, ఆ లైను కొట్టేసి మళ్ళీ రాస్తుంది.

మొదట నాకు కష్టంగా తోచింది. నాబోటి తెలివితక్కువదానికి అర్థమైతే అందరికీ అర్థమైనట్టేనా అన్నాను. అదికాదక్కయ్యా, తెలియకపోయినా తెలిసినట్టు తలూపని మనిషి మా ఆఫీసులో ఒక్కరు లేరు, నువ్వు ఊపవు అంది.

రాత్రి పడుకోబోతూ ఆ మాట మళ్ళీ అనుకున్నాను. పొగడ్తే.

14 జూలై, ఆదివారం.

నడవడం మంచిదని మంత్రసాని వెంకాయమ్మ చెప్పింది కదా అని పొద్దున్న కాలవ గట్టుకి తీసుకెళ్ళాను. ఉతికిన బట్టలు ఆరేసే జాగా అన్ని షెడ్లకీ ఉమ్మడి. ఎక్కడ చూసినా తువ్వాళ్ళు, దిండు గలీబులు. మధ్య మధ్య జానెడు, బారెడు ఖాళీలు. మా పరదా గుడ్డ పొడుగు. తడి గుడ్డ భుజాన వేసుకుని కొండయ్య అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఈ ఖాళీలన్నీ ఒక్కచోటికి చేరిస్తే పది పరదాలు పడతాయమ్మా, చేర్చే మొనగాడెవడు అని గొణుగుతున్నాడు.

సరోజిని అక్కడే నిలబడిపోయింది. అదే అక్కయ్యా, ఆయన ప్రోగ్రాంలో తప్పు అదే అంది.

పక్కపక్కన ఉన్న రెండు లెక్కలు అయిపోతే, ఆ రెండు ఖాళీలూ కలిసి ఒకటి కావాలి. భుజంగరావుగారి దాంట్లో ఒక్కోసారి కలవడం లేదట. పేర్లు పెట్టుకుంటూ వస్తుంటే కనపడింది. జాగా ఉంటుంది, ముక్కలుగా ఉంటుంది. పెద్ద లెక్కలకి చాలదు. వాతావరణం వాళ్ళు పాత తుఫానుల లెక్క ఒకటి తెస్తున్నారట. సముద్రం ఎంత ఎత్తు లేచింది, ఎంత దూరం లోపలికి వచ్చింది అని. పెద్ద లెక్క. తెచ్చిన ప్రతిసారీ జాగా లేదని జవాబు. మీ లెక్క మెషిన్‌కి మించిపోయింది, తగ్గించుకు రండి అని భుజంగరావుగారు తిప్పి పంపుతున్నారట.

మా ముత్తవ్వ బందరు ఉప్పెనలో చూరు పట్టుకుని బతికింది. పట్టుకోలేనివాళ్ళ పేర్లు చెబుతూ ఉండేది. ఆ లెక్కని తగ్గించుకు రమ్మన్నారు.

ఖాళీలు కలిపే ఆ భాగానికి పేరు కావాలంది. ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలు దాటకూడదట. మగ్గం మీద పోగు తెగితే ఏం వేస్తామే అన్నాను. నవ్వి, అతుకు అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసేసింది. తెలుగు రానివాళ్ళ కోసం పక్కనే ఒక లైను వివరం కూడా రాసింది.

25 జూలై.

పూర్తయింది. నకలు ఒకటి ఉంచుకుని, అసలు కాగితాలు రిజిస్టరు పార్సెల్ కట్టించాం. వాటిని చూసి భుజంగరావుగారు కార్డులు కొట్టించాలి. పోస్టాఫీసుకి కొండయ్య పట్టుకెళ్ళాడు. లోపల ఏమున్నాయని అడిగారు, చదివితే అర్థమయ్యే కాగితాలని చెప్పానమ్మా అన్నాడు.

6 ఆగస్టు, మంగళవారం.

భుజంగరావుగారి ఉత్తరం. సరోజిని చదువుతూ చదువుతూ పక్కన పెట్టేసింది. నన్ను చదువుకోమంది.

పార్సెల్ అందిందట. వివరాల లైన్లన్నీ తీసేశారట, లైనుకో కార్డు దండగని. పేర్లన్నీ తీసేసి పాత పద్ధతిలో నెంబర్లు వేశారట. తానే కూర్చుని చేశారట, చాలా శ్రమ అయిందట. మీ అక్కయ్యగారికి వినిపించి రాశానన్నావు, వదినగారికి కూడా అర్థమయ్యేది ప్రోగ్రాం ఎలా అవుతుంది సరోజా, హరికథ అవుతుంది అని రాశారు. అతుకు అనే మాట చూసి సిగ్గేసిందట. ఇంకా ఎన్నాళ్ళు ఈ మగ్గాల మాటలు, పదిమంది చూసే చోట అని.

ఆయన తాతగారు గుడివాడలో మగ్గం నేసిన డబ్బుతోనే మొదటి మిద్దె కట్టారు. ఆ మిద్దెలో పుట్టిన మనిషి.

ఉత్తరం మడిచి ఇచ్చేశాను. ఊరికే మడవడం ఇవాళ చాలా కష్టమైంది.

7 ఆగస్టు.

నేను విన్న హరిదాసులందరినీ తలుచుకున్నాను. వాళ్ళలో తెలివితక్కువవాడు ఒక్కడూ తేలలేదు.

11 ఆగస్టు, ఆదివారం.

ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. ఈశ్వరుడి దయ.

26 ఆగస్టు, సోమవారం.

ఇవాళ గారు రాయను. దేవుడు క్షమించాలి.

భుజంగరావు ఉత్తరం రాశాడు. కొత్త ప్రోగ్రాం ఎక్కించిన రెండో రోజే మెషిన్ ఆగిపోయిందట. అందరి లెక్కలూ పోయాయట. పాతదే మళ్ళీ పెట్టారట. సరోజిని రాసింది ఫెయిలయిందని డైరెక్టరుకి చెప్పాల్సి వచ్చింది, నువ్వేమీ అనుకోకు, పిల్ల ఎలా ఉంది అని రాశాడు. దసరాకి పాతదే పంపుతారట. వాతావరణం వాళ్ళని ఇక రావద్దన్నారట.

సరోజిని రాసింది ఫెయిలయిందట. సరోజిని రాసింది మెషిన్‌కి చేరిందా అసలు? పేర్లు తీసేసి, వివరం తీసేసి, సొంత నెంబర్లు వేసి, ఆగిపోయాక దానికి సరోజిని పేరు పెట్టాడు. పేర్లు అక్కర్లేదన్న మనిషికి ఆ ఒక్క పేరు అవసరమైంది.

అతను ఎన్ని కార్డులైనా మిగుల్చుకోనీ. తల్లినీ పిల్లనీ మూడో నెలలో పంపను, ఐదో నెలలోనూ పంపను, రాసింది రాసినట్టు ఎక్కించినప్పుడు పంపుతాను అన్నాను. సరోజిని పిల్లకి పాలిస్తూ వింది. నన్ను ఇక్కడ ఆపితే నష్టం నాకే కదక్కయ్యా, మెషిన్ అక్కడుంది అంది.

నిజమే. నా కోపానికి కూడా జాగా లేదు.

తప్పు ఎక్కడ జరిగిందో చూస్తాను, ఎక్కించినదాని కాగితాలు బారసాలకి వచ్చేటప్పుడు తెమ్మని రాయి అంది. రాశాను. ఇంకొక్క మాట కూడా రాయలేదు.

31 ఆగస్టు, శనివారం.

బారసాల. పిల్లకి అన్నపూర్ణ అని పేరు పెట్టాం. భుజంగరావుకి బట్టలు పెట్టించాను. మన అచ్చువేసిన ఉత్తరీయమే. బాగుంది వదినగారూ అన్నాడు. కాగితాలు తెచ్చాడు.

1 సెప్టెంబరు, ఆదివారం.

పొద్దున్నే సరోజిని కాగితాలు అడిగింది. వెంకాయమ్మ పిల్లకి స్నానం చేయిస్తూ గుమ్మంలోంచే కేకేసింది. బాలింత అక్షరం ముట్టుకుంటే నలభై ఏళ్ళకే చూపు పోద్ది, మీ అక్కయ్య ఎలా ఊరుకుందో నాకు తెలవదు, నేను మాత్రం ఊరుకోను అంది. పోతే పోనీ ఇటివ్వండి అని సరోజిని చెయ్యి చాపింది. భుజంగరావు ఇవ్వబోయాడు. అంత కంగారు పడి ఇవ్వబోవడం కూడా నాకు నచ్చలేదు.

కళ్ళు నీవి, వాటిని నేను పాడు కానివ్వను, ఆయనకి నోరుంది కదా, చదివి వినిపించమను అన్నాను.

స్టూలు తెచ్చి గుమ్మం అవతల వేశాను. అతను కూర్చున్నాడు. సరోజిని మంచం మీద కళ్ళు మూసుకుంది. చెవుల్లో దూది, తలకి గుడ్డ. అతను ఒక్కో లైనూ తెలుగులో చదవడం మొదలుపెట్టాడు. వినపడ్డంలేదండీ అంది. గొంతు పెంచాడు. ఇంకొంచెం అంది. ఇల్లంతా వినపడేటంత అయ్యాక, ఆఁ, కానివ్వండి అంది.

నాలుగులోది తీసి ఏడులో పెట్టు. ఏడు సున్నా అయితే తొమ్మిదికి వెళ్ళు. తొమ్మిదిలోంచి రెండు తియ్యి. ఇలాగే. షెడ్డులో అచ్చులు కొట్టే చప్పుడు ఆగిపోయింది. చీటీ పాటా అమ్మా, ఏడు ఎవరు పాడారు అని కొండయ్య అక్కడి నుంచి అడిగాడు. ఎవరో నవ్వారు. భుజంగరావు చెవులు ఎర్రబడ్డాయి. నేను పొత్తిగుడ్డలు మడతపెడుతున్నాను. సంతోషించలేదని రాయను.

ఏడంటే ఏమిటండీ అని అడిగింది సరోజిని, కళ్ళు తెరవకుండానే. మొదటి ఖాళీ ఎక్కడుందో అది అన్నాడు. అందులోనే రాసి ఉందా అంది. రాసి లేదు, నాకు గుర్తుంది అన్నాడు. సరే చదవండి అంది.

చదివాడు. ఒక కాగితం తిప్పాడు, ఇంకోటి తిప్పాడు. ఏడులోంచి మూడు తీసెయ్యి. మిగిలింది ఏడులోనే ఉంచు.

ఇక్కడ ఏడంటే ఏమిటండీ.

ఇంకా ఎంత ఖాళీ మిగిలిందో అది అన్నాడు.

అని, తనే ఆగిపోయాడు. వేలు కాగితం మీదే ఉంది. వెనక్కి రెండు కాగితాలు తిప్పాడు, మళ్ళీ ముందుకి తిప్పాడు. ఎక్కడుంది, ఎంత ఉంది. రెండు వేరు వేరు సంగతులకి ఒకే నెంబరు వేశాడు. సరోజిని పెట్టిన రెండు పేర్లు తీసేసి, తన చేత్తో వేశాడు. మెషిన్ ఆగింది అందుకన్నమాట.

అతనికి చెప్పాలని వారం నుంచి ఒక పెద్ద మాట సిద్ధం చేసుకున్నాను. పూజ గదిలో కూర్చుని సిద్ధం చేసుకున్నాను, అదీ రాయాలి. అది అవసరం పడలేదు. పడనందుకు కొంచెం కోపం వచ్చింది.

సరోజిని నకలు పెట్టెలోంచి తీసి అతని ఒళ్ళో పెట్టాను. ఇది కూడా చదవండి మరిదిగారూ, సరోజిని వింటుంది అన్నాను. చదివాడు. మొదటి ఖాళీ. మిగిలిన ఖాళీ. పెద్ద లెక్క వస్తే ముందు ఇక్కడ చూడు. గొంతు తనంతట తనే మామూలైంది, మనుషులు మాట్లాడుకున్నట్టు అయింది. వెంకాయమ్మ కూడా పిల్లని ఎత్తుకుని గుమ్మంలో నిలబడి విన్నది. ఇదేదో బట్టల జాగా గొడవలా ఉందే అంది. ఖాళీలు కలిపే చోటికి వచ్చేసరికి మాత్రం గొంతు తగ్గించాడు.

దూది ఉందండీ, వినపడలేదు అంది సరోజిని.

అతుకు అన్నాడు, గట్టిగా.

షెడ్డులోంచి కొండయ్య, ఎక్కడ తెగింది బాబూ అని అరిచాడు.

సరోజిని నవ్వింది. పొట్ట పట్టుకుని, నొప్పి అక్కయ్యా, నవ్వించొద్దని చెప్పు అంటూ నవ్వింది. భుజంగరావు నవ్వలేదు. కాగితాలు అంచులు కలిపి సర్దాడు, చాలాసేపు సర్దాడు.

2 సెప్టెంబరు.

వెళ్ళాడు. నకలు తనే అడిగి తీసుకున్నాడు. గుమ్మం దాటాక ఆగి, కార్డులు చాలా ఎక్కువవుతాయి వదినగారూ అన్నాడు. అవనివ్వండి అన్నాను.

డైరెక్టరుకి చెబుతాననలేదు. తెలుసుకోవడం వేరు, పదిమందిలో ఒప్పుకోవడం వేరు. ఇంకా గారు రాయను.

10 సెప్టెంబరు.

కబురు లేదు. దసరా దగ్గరికి వస్తోంది. సరోజిని కార్డులు సరిచూసే బల్ల గురించి మాట్లాడుతోంది, కిటికీ పక్కనేలే అక్కయ్యా, గాలి బాగానే వస్తుంది అంటోంది. అలా మాట్లాడకే అన్నాను. దీపం ముందు కూర్చున్నాను. ఏమీ అడగలేదు. అడిగితే గట్టిగా అడిగేస్తానని భయం.

19 సెప్టెంబరు, గురువారం.

టెలిగ్రాం. పోస్టుమాను చేతికివ్వకుండా, ముందు మీరు కూర్చోండమ్మా అన్నాడు. ముఖం పాలిపోయి ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలే, నేనే కూడబలుక్కుని చదివి సరోజినికి చెప్పాను. అతుకు నడుస్తోంది. తుఫానుకి జాగా దొరికింది. తప్పు నాదని డైరెక్టరుకి చెప్పాను. కింద భుజంగరావుగారి పేరు.

పోస్టుమాను దారిలోనే చదివేశాడు. తుఫాను అన్న మాట ఒక్కటే పోల్చుకున్నాడు, వచ్చే దారిలో గట్టంతా చెప్పుకుంటూ వచ్చాడు. మా పరదా తీసుకుని మేం గట్టుకి వెళ్ళేసరికి అన్ని షెడ్లవాళ్ళూ బట్టలు లాక్కుని పరుగెత్తేశారు. ఆకాశంలో మబ్బు లేదు.

ఈ చివర నుంచి ఆ చివర దాకా గట్టు ఒకటే ఖాళీ. కొండయ్యా నేనూ పరదా పరిచాం.